గుట్టల మీద గార్డ్ సాబ్

పోయిన బుధవారం యాప్రాల్ నుంచి లాలాగూడ వైపు వస్తుంటే దారిలో రైలు గేటు పడింది. గూడ్సు బండి. ఎంతకీ తరగదు. ఆటో డ్రైవరు ఇంజన్ ఆపేసి ఫోన్‌లో తల పెట్టాడు. నేను డబ్బాలు చూస్తూ కూర్చున్నాను. ఆఖరి డబ్బా వచ్చింది. దాని వెనక మనిషి లేడు, మనిషి కూర్చునే పెట్టే లేదు. కొక్కేనికి చిన్న మిషన్ ఒకటి తగిలించి ఉంది. దాని మీద ఎర్రలైటు ఆరుతూ వెలుగుతూ వెళ్లిపోయింది.

"గార్డు ఏడయ్యా?" అన్నాను.

"కొన్ని బండ్లకు గార్డులను తీసేసిన్రక్కా. గా మిషినే చూసుకుంటది."

"ఏం చూసుకుంటుంది? వెనక డబ్బా ఊడిపోతే మిషన్ దిగి వెతుకుతుందా?"

"నాకేం ఎరుకక్కా? నేను పెట్టిన్నా మిషిను? గేటు తీసిన్రు, కూసోండ్రి మంచిగ."

ఇంకోరోజైతే అతన్ని లాలాగూడ దాకా వదిలేదాన్ని కాదు. ఆ రోజు వదిలేశాను. మా గార్డ్ సాబ్ గుర్తొచ్చారు.

ఆయన పేరు రాయను. రాసినా మా గుంపులో సగంమందికి తెలియదు, పేరుతో ఎవరం పిలవలేదు. ముప్పై రెండేళ్లు గూడ్సు బండ్ల వెనక పెట్టెలో కూర్చుని రిటైరైన మనిషి. మాది ఆదివారం నడక గుంపు. సంక్రాంతి చలి తగ్గినప్పటి నుంచి ఎండలు ముదిరేదాకా, ఆ రెండు నెలలూ, తెల్లవారుజామున సికింద్రాబాద్‌లో వ్యానెక్కి ఏదో ఒక గుట్టల వరుస దగ్గర దిగుతాం. సాయంత్రం దాకా ఒక గుట్ట నెత్తి మీంచి ఇంకో గుట్ట నెత్తికి నడుస్తాం. దారి ఉన్నచోట నడవడం మా శ్రీధర్‌కు నామోషీ. శ్రీధర్ అంటే గుంపు పెట్టినవాడు, బేగంపేటలో ఇళ్ల ప్లాన్లు గీసే ఆఫీసుంది. వారమంతా జనానికి గోడలు గీసిస్తాడు కాబట్టి ఆదివారం ముళ్లకంపలో పడి నడవాలనుకుంటాడు. మమ్మల్నీ నడిపిస్తాడు.

గార్డ్ సాబ్ వచ్చిన మొదటిరోజే శ్రీధర్‌ను పట్టుకున్నారు. "సార్, ముంగట మీరున్నరు. ఎనక ఎవరు?"

"ఎనక ఎవరుంటరు అంకుల్? లేటైనోళ్లుంటరు."

"గట్ల కాదు సార్. ఎనక ఉండుడంటే ఒక పని. ఆ పని నాకియ్యుండ్రి."

అలా ఆయన మా అందరికీ వెనక నిలబడ్డారు. ఆ రోజు నుంచి మనుషుల్ని లెక్కపెట్టడం మానేశాం. లెక్కపెట్టబోతే ఆయన ఒప్పుకునేవారు కాదు. "మేకలనా లెక్కవెట్టనీకి? నేనొచ్చిన్నంటే బండి పూరా వచ్చినట్టే" అనేవారు. రైలు స్టేషన్ దాటేటప్పుడు అక్కడివాళ్లు ఆఖరి డబ్బా మీద గుర్తు కోసమే చూస్తారట. అది కనబడితే మధ్యలో ఏదీ ఊడిపోలేదని. మాకూ అదే అలవాటైంది. సాయంత్రం వ్యాన్ దగ్గర ఆయన టోపీ కనబడగానే శ్రీధర్ "కంప్లీట్" అనేవాడు, డ్రైవర్ బండి తీసేవాడు.

ఆయన జేబులో ఆకుపచ్చ చేతిరుమాలు ఒకటి ఉండేది, చెమట తుడుచుకోవడానికి కాదు. ముందున్న శ్రీధర్ ఒక గుట్ట నెత్తి దాటేముందు ఆగి చెయ్యెత్తాలి, వెనక నుంచి ఈయన రుమాలు ఎత్తాలి. అప్పుడు అంతా సరిగ్గా ఉన్నట్టు. ఒకసారి శ్రీధర్ ఏదో పిట్ట ఫొటో తీసుకుంటూ మరిచిపోయాడు. గార్డ్ సాబ్ రుమాలెత్తి అలాగే నిలబడ్డారు. ఎండలో పది నిమిషాలు. "నడవండి గార్డ్ సాబ్, ఆయన చూడడం లేదు" అన్నాను. "చూస్తడు మేడమ్. చూడకుంటే ఎట్ల పోతం?" అన్నారు. చెయ్యి దించలేదు.

నడుస్తూ నడుస్తూ ఎడమ భుజం మీంచి వెనక్కి చూసేవారు. వెనక ఎవరూ ఉండరు, ఆఖరివాడు ఆయనే. అయినా చూసేవారు. అన్నం అందరం కూర్చున్నాక నిలబడే తినేవారు, డబ్బా ఛాతీకి ఆనించుకుని, వచ్చిన దిక్కుకు తిరిగి. కూర్చోండి అంటే, "ఊగేదాంట్ల తిని తిని, కదలకుండ కూసుంటే ముద్ద దిగదు మేడమ్" అని నవ్వేవారు.

నా మోకాలి సంగతి చెప్పాలి. కుడిది. ఎక్కడం ఎక్కుతుంది, దిగడం దగ్గర మొండికేస్తుంది. అందుచేత నేనెప్పుడూ ఆయనకు ముందు మనిషిని, అంటే గుంపులో చివరినుంచి రెండోదాన్ని. జూనియర్ కాలేజీలో ఇరవై ఆరేళ్లు సివిక్స్ చెప్పాను. నోరు ఊరుకోదు. మోదుగ పువ్వుకు వాసన ఉందా లేదా అన్నదాని మీద ఆయనతో రెండు గుట్టల దూరం వాదించాను. మేకలు అడవిని తినేస్తాయా పెంచుతాయా, ఇంకో మూడు గుట్టలు. ఆయన మధ్యమధ్య "అట్లనా?" అనేవారు. ఒప్పుకున్నట్టూ కాదు, కొట్టేసినట్టూ కాదు. ఇంకా చెప్పమన్నట్టు ఉండేది.

ఒకసారి అడిగాను, వెనక పెట్టెలో ఒక్కరే అన్నేళ్లు ఏం చేశారని.

"ఇంజన్ల ఇద్దరుంటరు మేడమ్. ఏం లేకుంటే కొట్లాడుకోనన్న కొట్లాడుకుంటరు. మా పెట్టెల కొట్లాడుదమన్నా ఎవ్వరుండరు" అన్నారు.

నేను ఒక్కదాన్నే ఉంటాను. ఎందుకన్నది మీకనవసరం. వారంలో ఆరు రోజులు నా మాటలు వాచ్‌మన్‌తోనూ టీవీలో వార్తలు చదివేవాళ్లతోనూ. ఫోన్ చేస్తే స్నేహితురాళ్లకు పొయ్యి మీద ఏదో మాడుతుంటుంది. గుంపులోనూ నేనంటే ఎవరికీ పడేది కాదు. నన్ను వదిలి మరో వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారని నాకు తెలుసు. "మేడమ్, జెర తగ్గండి" అని శ్రీధర్ రెండుసార్లు చెప్పాడు. మూడోసారి చెప్పడని, ఊరికే పిలవడం మానేస్తాడని కూడా తెలుసు. రెండు సీజన్లు అలా నడిచాయి, నేను మాట్లాడుతూ, ఆయన "అట్లనా" అంటూ. ఆయనకు నా మాటలు ఇష్టమని అనుకున్నాను. అనుకోవడానికి ఎవరి పర్మిషన్ కావాలి?

రెండేళ్ల కిందట ఫాల్గుణం మొదట్లో రాచకొండ వైపు గుట్టలకు వెళ్లాం. సీతాఫలం పొదలు ఒక్క ఆకు లేకుండా పుల్లల్లా ఉన్నాయి. మోదుగలు మాత్రం నిప్పంటుకున్నట్టు. మధ్యాహ్నం తిన్నాక చేతులు కడుక్కుందామని ఒక బండ చాటుకు వెళ్లాను. అవతల మా గుంపులో ఒకాయన గొంతు వినబడింది.

"గార్డ్ సాబ్, పొద్దటిసంది ఆమెతోని ఎట్ల ఏగుతున్నరు? మాకైతే తల పలుగుతది."

గార్డ్ సాబ్ నవ్వారు. "ముప్పై రెండేండ్లు గూడ్సు బండెనక గూసున్నోన్ని. చప్పుడు నాకేమన్న కొత్తనా?"

ఇద్దరూ నవ్వుకున్నారు.

ఇప్పుడు ఆలోచిస్తే చిన్నమాట. ఎవరో అడిగారు, నవ్వించి పంపేశారు. ఆ బండ చాటున నీళ్ల సీసా పట్టుకుని నిలబడ్డదానికి అది చిన్నమాట కాదు.

మళ్లీ నడక మొదలైంది. గంటసేపు నోరు తెరవలేదు. ఆయన రెండుసార్లు అడిగారు, మోకాలు నొస్తుందా అని. మూడో గుట్ట మీద పెద్ద పెద్ద బండలున్న చోట ఆగి, "నేను ముందుకు పోతున్నాను. కింది నుంచి అడ్డంగా పోయి శ్రీధర్ వాళ్లను కలుస్తాను. మీకు కాసేపు చప్పుడు తప్పుతుంది" అన్నాను.

ఆయనకు అర్థమైంది. ముఖంలో నవ్వు పోయింది. కానీ అడిగింది ఆ సంగతి కాదు. "ముందలికేనా మేడమ్? పక్కానా?"

"పక్కా."

"సరే మరి. మీరు ముంగట ఉన్నట్టే నాకు లెక్క."

రైల్వేలో ఒక స్టేషన్ వాళ్లు దారి ఖాళీ అని మాటిస్తే, రెండో స్టేషన్ వాళ్లు కళ్లతో చూడకుండానే బండి వదులుతారు. ఆ మాట మీద వందలమంది నిద్రపోతూ ప్రయాణం చేస్తారు. ఇది ఆయనే నాకు చెప్పారు. నేను ముందుకు పోలేదు. పక్క బండ చుట్టూ తిరిగి దాని వెనక కూర్చున్నాను. ఆయన నన్ను వెతకాలి, కంగారు పడాలి, పేరు పెట్టి అరవాలి. నాక్కావలసింది అది. ఆయన అడుగులు నా బండ అవతలగా పోయాయి. ఆగలేదు. మాటిచ్చాను కదా.

అరగంట కూర్చున్నాను. ఎవరూ రాలేదు. లేచి చూస్తే ఏ బండ పక్కనుంచి వచ్చానో తెలియదు. దారి లేని గుట్ట మీద అన్ని దిక్కులూ ఒక్కలాగే ఉంటాయి. ఫోన్‌లో సిగ్నల్ లేదు. పడుతూ లేస్తూ గంటకు పైగా తిరిగి అంచు దాకా వెళ్లేసరికి కింద, చాలా దూరంలో, మా తెల్ల వ్యాను కనబడింది. చున్నీ తీసి ఊపాను. వ్యాను కదిలింది. దాని వెనక దుమ్ము లేచింది, కాసేపటికి అదీ కిందికి దిగిపోయింది.

కౌజు పిట్టలు అరుస్తున్నాయి. నేనూ అరిచాను. ఇరవై ఆరేళ్లు క్లాసురూములో వెనక బెంచీ దాకా వినిపించిన గొంతు. ఎవరికీ వినబడలేదు.

వాళ్లకు నేను లేనని ఎలా తెలిసిందో తర్వాత చెప్పారు. మెయిన్ రోడ్డు మీద టీ కొట్టు దగ్గర ఆగారు. అందరూ తాగుతున్నారు. గార్డ్ సాబ్ గ్లాసు సగంలో ఆపి, "చాయ్ మంచిగ లేదని ఎవ్వరంటలేరేంది?" అన్నారట. అప్పుడు లెక్కపెట్టారు.

పొద్దు గుట్ట అంచుకు వచ్చేవేళకు కింది వాలు మీద ఆకుపచ్చ రుమాలు కనబడింది. ఎవరిదో మోటార్‌సైకిల్ మీద గుట్ట దాకా వచ్చి, అరవై తొమ్మిదేళ్ల మనిషి, ఒక్కరే ఎక్కి వచ్చారు. మిగతావాళ్లు ఇంకో వైపు వెతుకుతున్నారు. దగ్గరికి వచ్చి నీళ్ల సీసా ఇచ్చారు. ఆయాసంతో మాట రావడం లేదు.

నేను అన్న మాట ఇది: "ఇంతసేపా?"

"తప్పయింది మేడమ్" అన్నారు ఆయన.

దిగేటప్పుడు చెయ్యి పట్టుకుని దింపారు. చెప్పడానికి గంటన్నర టైముంది నాకు. మీ తప్పు లేదు, నేను అబద్ధం చెప్పాను. అంతే కదా చెప్పాల్సింది. నేను గుంపులో ఎవరికైనా, ఎప్పుడైనా, ఏ విషయం మీదనైనా సమాధానం చెప్పగలను. ఆ ఒక్కటి నోటికి రాలేదు. చెబితే శ్రీధర్ ఇక పిలవడు. ఆదివారాలు కూడా పోతాయి.

టీ కొట్టు దగ్గర అందరూ నిలబడి ఉన్నారు. శ్రీధర్ ముఖం మాడిపోయి ఉంది. "ఎట్లయింది అంకుల్ ఇది? మీరొస్తే అందరొచ్చినట్టే అంటిరి గదా. మీరొచ్చిన్రు, ఆమె రాలే. ఏమన్నంటే ఎవరు జవాబు?"

"నేనే సార్. బండి తెగింది, నాకు తెల్వలే. పూరా నాదే గల్తీ."

నేను టీ తాగుతున్నాను. అందరూ నా వైపు జాలిగా చూస్తున్నారు, మొట్టమొదటిసారి. బెంచీ మీద చోటిచ్చారు. ఎవరో షాల్ కప్పారు. అది నాకు బాగుంది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ బాగుంది.

ఆ తర్వాతి ఆదివారం నుంచి నంబర్లు వచ్చాయి. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, ప్రతి గుట్ట మీదా ఎవరి నంబరు వాళ్లు చెప్పాలి. వెనక నడవడానికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే దిట్టమైన మనిషిని పెట్టారు. గార్డ్ సాబ్‌ను మధ్యలో నడవమన్నారు. రెండు వారాలు వచ్చారు. మధ్యలో ఆయనకు నడవడం రాలేదు. ఎడమ భుజం మీంచి వెనక్కి చూస్తే ఎవరో ఒకరి ముఖం తగిలేది, తల తిప్పుకునేవారు. "ఏమన్న కావాల్నా అంకుల్?" అని వాళ్లు, "ఏం లేదు" అని ఈయన. నేను చూస్తూనే ఉన్నాను. మూడో వారం రాలేదు. తర్వాత ఎప్పుడూ రాలేదు.

ఒకసారి మోండా మార్కెట్‌లో కలిశారు. సందులో ఎదురొచ్చిన అందరికీ దారిచ్చి పక్కకు నిలబడి ఉన్నారు, చేతిలో ఆకుకూరల సంచి. "మోకాలు ఎట్లున్నది మేడమ్?" అన్నారు.

"మీరు రావడం లేదు" అన్నాను. అడిగినట్టు కాదు, తప్పు పట్టినట్టు వచ్చింది. నా గొంతు అంతే.

"పోరగాండ్లు మంచిగ చూసుకుంటున్నరు గదా" అన్నారు. "నడువుండ్రి, మీ ఎనక బండ్లు ఆగినయి."

వెనక్కి చూస్తే నిజంగానే రెండు తోపుడుబండ్లు ఆగి ఉన్నాయి. నేను నడిచాను.

పోయిన వానాకాలం పోయారు. గుండె. వాట్సాప్‌లో వార్త కింద దండం పెట్టే చేతుల బొమ్మలు వరసగా పడ్డాయి. సమాధుల తోటకు వెళ్లాను. చర్చి పాట పాడుతున్నారు, సన్నగా వాన. నేను వెనక గొడుగు కింద నిలబడ్డాను. ఆయన కూతురు వచ్చి, "మీరు డాడీకి ఎట్ల తెలుసు ఆంటీ?" అని అడిగింది. "కలిసి నడిచేవాళ్లం" అన్నాను. ఆ అమ్మాయి నా చేతులు పట్టుకుంది. ఆమెకూ చెప్పలేదు.

ఈ ఆదివారం మళ్లీ ఆ రాచకొండ గుట్టలకే వెళ్లాం. ఇప్పుడు గుంపులో సగం కొత్తవాళ్లు. సాయంత్రం అదే రోడ్డు మీద టీకి ఆగాం. నేను గ్లాసు బెంచీ మీద పెట్టి లేచాను. ఎలా మొదలుపెట్టాలో రాత్రంతా అనుకున్న వాక్యాలేవీ గుర్తు రాలేదు.

"రెండేళ్ల కింద నేను గుట్ట మీద తప్పిపోలేదు" అన్నాను. "దాక్కున్నాను. ముందుకు పోతున్నానని గార్డ్ సాబ్‌కు అబద్ధం చెప్పి బండ వెనక కూర్చున్నాను. తప్పు ఆయనది కాదు. ఆయన్ని వెనక నుంచి తీసేశారు. నేను చూస్తూ ఊరుకున్నాను."

పాతవాళ్లు నలుగురూ టీ గ్లాసుల్లోకి చూశారు. కొత్తగా చేరిన ఒకమ్మాయి మెల్లగా, "గార్డ్ సాబ్ ఎవరు?" అని పక్కామెను అడిగింది. పక్కామెకూ తెలియదు.

శ్రీధర్ నన్ను వ్యాన్ అవతలికి తీసుకుపోయాడు. "తెలుసు మేడమ్" అన్నాడు.

"ఏం తెలుసు?"

"మీరు కావాలనే కూసున్నరని. మీరు కూసున్న రాయి కాడ కమలాపండు తొక్కలున్నయంట, సాపుగ వలిచి పెట్టినయి. అంకుల్ మిమ్ముల దింపుతుంటే చూసిండు. తప్పిపోయినోళ్లు గంత నిమ్మళంగ పండు వల్చుకుంటరా అని నవ్విండు."

ఆ కమలాపండు నాకు గుర్తే లేదు.

"తెలిస్తే మరి అందరి ముందూ ఆయన్ని ఎందుకన్నావు?"

"అప్పుడు తెల్వదు మేడమ్. రెండు దినాలకు తెలిసింది. అంతకుముందే మేం కూసొని మాట్లాడుకున్నం." శ్రీధర్ రోడ్డు వైపు చూశాడు. "మీరేమనుకోవద్దు. మిమ్మల్ని తీసేద్దామనుకున్నం. గది ఇని అంకుల్ మా ఆఫీసుకొచ్చిండు. ఉన్నది ఉన్నట్టు చెప్పిండు. ఆమెను తీసెయ్యకుండ్రి, ఎవరో ఒకరిని అనాలె గదా, నన్నే అనుండ్రి అన్నడు. నేను ఒప్పుకోలే. అప్పుడన్నడు, నాకు ఇంట్ల మనుమలున్నరు, చర్చి ఉన్నది, ఆమెకు ఈ ఆదివారం ఒక్కటే ఉన్నది సార్, అని."

"అందరికీ తెలుసా?"

"పాతోళ్లకు."

రెండేళ్లు. తెలిశాక కూడా బెంచీ మీద జరిగి చోటిచ్చిన మనుషులు, ప్రతి గుట్ట మీదా నా నంబరు కోసం ఓపికగా ఆగిన వాళ్లు. నన్ను ఉంచడానికి మీరెవరు అనబోయాను. అంటే బాగుండేది కూడా.

డ్రైవర్ హారన్ కొట్టాడు. శ్రీధర్ ముందు సీట్లోకి వెళ్లిపోయాడు. నేను కిటికీ పక్కన కూర్చున్నాను. పక్క సీట్లోకి ఎవరూ రాలేదు. సికింద్రాబాద్ చేరడానికి ఇంకా రెండు గంటలు పడుతుంది. ఆ రెండు గంటలూ ఆదివారమే.